పదకొండు గంటల పోస్టు

"నేను రాయలేదండీ. కాదని రేపు మధ్యాహ్నంలోగా తేల్చకపోతే నా కుట్టు మెషిను వీధిలో పెట్టేస్తానన్నారు మావయ్యగారు."

శుక్రవారం సాయంత్రం ఆ కోడలు కుర్చీ అంచున కూర్చుని చెబుతుంటే, ఆరాగారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఈ డిటెక్టివుకి ఆ పేరు ఎవరు పెట్టారోగానీ అతికినట్టు సరిపోయింది. ఆయన టైపిస్టు మాత్రం ఒక్క ముక్క వదలకుండా రాసుకుంటోంది.

మావగారిది టైలరింగు షాపు. ఇంటర్నెట్లో షాపు పేజీ నడిపేది ఈ కోడలే. గురువారం ఆ పేజీలో ఒక లావుపాటి ఖాతాదారు ఫొటో వచ్చింది. కింద, "ఈయనకి సూటంటే రెండు తానులు చాలవు" అని వెటకారం. మావగారు వెంటనే పాస్‌వర్డు మార్చి, కోడలికొక్కదానికే చెప్పాడు. మర్నాడు ఒక మాస్టారి బట్టతల మీద ఇంకో పోస్టు. రెండూ సరిగ్గా పదకొండు గంటలకే. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసే మొగుడు ఫోన్లో, "ఒప్పేసుకో, గొడవ వదిలిపోతుంది" అన్నాడట. టైపిస్టుకి ఒళ్ళు మండింది.

అరగంటలో ముగ్గురూ షాపుకి వెళ్ళారు.

"పరువు తీసింది చాలక డిటెక్టివుని కూడా వెంటేసుకొచ్చిందా?" అంది అత్తగారు.

టైలరు కత్తెర కింద పెట్టనైనా లేదు. "పాస్‌వర్డు మా ఇద్దరికే తెలుసు. నా కొంప నేనే కూల్చుకుంటానా?"

"మీ కోడలికి ముందు పేజీ ఎవరు చూసేవారు?" అని అడిగారు ఆరాగారు.

"నేనే, ఈవిడగారు ఊడిపడకముందు." ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి టైలరు బావమరిది విసురుగా అన్నాడు. "నన్ను మాత్రం వదిలిందా? తిండి దండగ బాబాయి అని ఊరంతా చదివేలా రాసింది. రెండు రోజులూ పదకొండింటికి నేను బావ ఎదురుగా కాఫీ తాగుతున్నాను, కావలిస్తే అడగండి."

కోడలు ఏదో అనబోయింది. ఆరాగారు చెయ్యెత్తి ఆపారు. ఆమె చేత ఫోన్లో పేజీ తెరిపించి, కాసేపు పరీక్షగా చూసి, బయటివాళ్ళకి కనిపించకుండా చేయించారు. ఎందుకో టైపిస్టుకి అర్థం కాలేదు. ఆయన ముఖంలో తృప్తి మాత్రం కనిపించింది.

శనివారం పదకొండుకి పది నిమిషాలుండగా ఆరాగారు అందరినీ కత్తిరింపు బల్ల చుట్టూ చేర్చారు. ఫోన్లన్నీ గుండీల డబ్బాలో వేయించి మూత పెట్టారు. పేజీ తెరిచి ఉన్న షాపు టాబ్లెట్ ఒక్కటే బల్ల మీద ఉంది, ఎవరికీ అందనంత దూరంలో.

"ఇదేం తమాషా?" అని అత్తగారు సణిగింది.

గోడ గడియారం పదకొండు కొట్టింది. టాబ్లెట్ మీద కొత్త పోస్టు పడింది. ఇస్త్రీ బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్న బావమరిది ఫొటో, దాని కింద: "మా షాపులో తిండి దండగ బాబాయి."



"ఈ మాట మీరు నిన్న సాయంత్రమే మాకు చెప్పారు," అన్నారు ఆరాగారు బావమరిదితో. "అది పేజీలో పడింది ఇప్పుడే, అదీ మనకి తప్ప ఎవరికీ కనిపించకుండా. రాసినవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?"

"నేను... ఏదో..."

"పోస్టులు ముందే రాసిపెడితే చెప్పిన గంటకి వేసే బయటి యాప్ ఒకటుంది. మూడేళ్ళ కిందట, పేజీ మీ చేతిలో ఉన్నప్పుడు, దానికి అనుమతి ఇచ్చారు. తేదీతో సహా పేజీలోనే ఉంది. పాస్‌వర్డు మార్చినా ఆ అనుమతి పోదు. మూడు పోస్టులూ ఒకేసారి రాసి పెట్టారు. మీమీద అనుమానం రాకుండా మూడోది మీమీదే రాసుకున్నారు. ఏది బయటికి వెళ్ళిందో, ఏది వెళ్ళలేదో మీరే మర్చిపోయారు." తర్వాత టైలరు వైపు తిరిగారు. "మీరు తాళం మార్చారు. లోపల కూర్చున్నవాణ్ణి పంపలేదు."

"అవును, నేనే," అన్నాడు బావమరిది, పళ్ళు బిగించి. "నిన్నగాక మొన్నొచ్చింది, నన్ను ఇస్త్రీ పెట్టె దగ్గరికి తోసింది."

అత్తగారు తమ్ముడి ముఖం చూడలేక తల తిప్పుకుంది. టైలరు కోడల్ని పిలిచాడు.

"ఆ పోస్టు తీసెయ్యమ్మా. ఆ యాప్ కూడా. పాస్‌వర్డు నీకు తెలుసుగా."

"మీకూ తెలుసు కదండీ, మీరే తీయండి." కోడలు గుండీల డబ్బాలోంచి తన ఫోను తీసుకుంది. "నన్ను ఒక్క మాటైనా అడక్కుండా నా మెషిను వీధిలో పెడతానన్నారు. మీకా శ్రమ ఎందుకు?"

ఆమె వంగి మెషిను బెల్టు విప్పడం మొదలుపెట్టింది. టైపిస్టు పుస్తకం మూసి, రెండో వైపు పట్టుకోడానికి వెళ్ళింది.