దూది నోట్లో ఎర్ర దారం

పొద్దున్నే కుట్టు మిషను చప్పుడు మొదలైతే చాలు, దూది వచ్చి కోడలి కాళ్ళ దగ్గర చతికిలబడేది. ఆ వేళ రాలేదు. గిన్నె చప్పుడు చేసినా ఆ తెల్లపిల్లి బట్టల బీరువా కిందనుంచి కదల్లేదు.

"మావయ్యా, దూది తినడం లేదు. మీరేమైనా పెట్టారా?"

"నేనేం పెడతానమ్మా," అన్నాడు మామ గోడవార కుర్చీలోంచి. "పిల్లులన్నాక ఓ పూట మానేస్తాయి. అలిగితే నువ్వు మాత్రం కంచం ముడతావా?"

నవ్వించబోయాడు గానీ ఆయన చూపు నేల మీదే తిరుగుతోంది.

కోడలు బోర్లా పడుకుని బీరువా కిందికి చూసింది. పిల్లి గడ్డమంతా చొంగతో తడిసిపోయింది. ముందుకాలితో మూతి గోక్కుంటోంది. మెడ సాచి మింగబోతోంది, మింగలేక ఆగిపోతోంది. కోడలు దాన్ని మెల్లగా బయటికి తీసి నోరు తెరిచి చూసింది. నాలుక కింద ఎర్ర దారం.

బట్ట మీద వదులుగా పోగు కనిపిస్తే పీకెయ్యడం దర్జీ చేతికి అలవాటు. ఆమె వేళ్ళు ఆ కొసను పట్టుకున్నాయి.

"లాగకు!"

కుర్చీ వెనక్కి పడింది. ఆ గొంతు ఆ ఇంట్లో అంత పైకి ఎన్నడూ లేవలేదు.

"లాగకమ్మా... చివర సూదుంటుంది."

"ఏ సూది? అన్నీ డబ్బాలో పెట్టి తాళం వేశాను. మీ చేతులు వణుకుతున్నాయి, ఇక కుట్టొద్దని చెప్పానా లేదా?"

"ఒకటి దాచుకున్నాను. నువ్వు లేవకముందు గౌన్ల అంచులు కుట్టి, నీ పనిలో కలిపేస్తున్నాను."

"దారంతో సహా వదిలేశారా?"

"ఎక్కించాలంటే కళ్ళు ఆనడం లేదు. అందుకే దారం తియ్యకుండా కుర్చీ చేతికి గుచ్చి ఉంచుతాను. ఇవాళ చూస్తే లేదు."

"లేదని తెలిసీ పిల్లులన్నాక మానేస్తాయన్నారా! ఇది ఇక్కడ గిలగిల్లాడుతుంటే!"

"భయమేసిందమ్మా," అన్నాడాయన.

ఆమె పశువుల ఆసుపత్రికి ఫోను చేసి సంగతి చెప్పింది.

"దారం లాగారా?" డాక్టరమ్మ అడిగింది.

"లేదండీ."

"బతికించారు. లాగొద్దు, కత్తిరించొద్దు. మత్తు ఇవ్వాల్సి వస్తుంది, నీళ్ళు కూడా పట్టకండి. సాయంత్రం చూద్దామనుకుంటే చెయ్యి దాటిపోతుంది. వెంటనే బయల్దేరండి. సూది ఎంత పొడవు?"

కోడలు మామ వైపు చూసింది. ఆయన చిటికెన వేలు ఎత్తి, మధ్యన గోరు పెట్టి చూపించాడు.

ఆటోలో దూది ఉన్న బుట్ట ఆమె ఒళ్ళో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా మామ చెయ్యి దాని అడుగుకి వెళ్ళేది. మొదట ఆమె పక్కకు తోసింది. తర్వాత తొయ్యడం మానేసింది.

ఎక్స్‌రేలో సూది తెల్లగా కనిపించింది. "గొంతులో గుచ్చుకుని ఆగింది. లాగి ఉంటే ఇంకా లోపలికి దిగేది," అంది డాక్టరమ్మ. దూదిని తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

బయట బల్ల మీద కూర్చున్నాక మామ నోరు విప్పాడు. "తిట్టమ్మా. అలా ఊరుకోకు."

"తిడతాను. ముందు దాన్ని బయటికి రానీండి."

కాసేపటికి మళ్ళీ ఆమే అడిగింది. "పసుపు గౌను అంచు మీరు కుట్టిందేనా?"

"ఊఁ."

"అది కుట్టించుకున్న ఆవిడ ఎంత మెచ్చుకుందో. నా పనే అనుకుని నవ్వి ఊరుకున్నాను."

"పని లేకపోతే ఆ కుర్చీలో నేనెందుకమ్మా, దిండులాగా?"

కోడలు కొంగుతో మొహం కప్పుకుంది. ఆయన చేతులు వణికినా ఆ కుట్టు వంకర పోలేదు. తాను చేతుల్నే చూసింది, కుట్టు చూడలేదు.

తలుపు తెరుచుకుంది. ఎర్ర దారంతో సూది డాక్టరమ్మ చేతిలోని చిన్న గిన్నెలో ఉంది. "గండం గడిచింది. ఇంకా మత్తులోనే ఉంది. రేపు తీసుకెళ్ళండి," అంది. మామ రెండు చేతులూ జోడించాడు. అవి ఆగకుండా వణుకుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక కోడలు కుర్చీని ఈడ్చి మిషను పక్కన వేసింది. డబ్బా తాళం తీసి, ఒక సూదికి దారం ఎక్కించి ఆయనకిచ్చింది.

"నేను లేచాకే కుట్టాలి. దారం నేనెక్కిస్తాను. అయ్యాక సూది నా చేతికే ఇవ్వాలి."

"అలాగేనమ్మా."

"ఏదైనా పోతే వెంటనే చెప్పాలి మావయ్యా. నేను ఎంత అరిచినా సరే."

ఆయన తల ఊపాడు. మిషను చప్పుడు మొదలైంది. ఇద్దరి మధ్యా దూది కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడ కాలు పడకుండా ఇద్దరూ ఒదిగి కూర్చున్నారు.