దొరసాని ఇంటికి దూది వచ్చింది

ఆమె శబ్దం పంపనే లేదు. అయినా లైటు వెలిగింది.

ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేసే ఆ అమ్మాయి ఉలిక్కిపడి, మీటల మీంచి చేతులు తీసేసి అద్దంలోంచి చూసింది. బయటి చప్పుడు చొరబడని ఆ చిన్న గదిలో, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న మనిషి మళ్ళీ బటన్ నొక్కాడు. మళ్ళీ లైటు.

"ఏం వినబడిందండీ?" అని అడిగింది.

"పిల్లి!" అన్నాడతను. ఆ గొంతుకి అద్దం అదిరింది.

"నా మిషన్‌లో పిల్లి లేదండీ."

"మిషన్‌లో కాదు, నా బ్యాగులో ఉంది."

ఆమె తలుపు తీసి లోపలికి వెళ్ళింది. అతని కాళ్ళ దగ్గర టిఫిన్ బ్యాగు. సగం తీసిన జిప్పులోంచి తెల్లటి తల ఒకటి బయటికొచ్చి, నీలం కళ్ళతో ఆమెను తేరిపార చూసింది.

"ఏంటిది?"

"పిల్లిపిల్లండీ."

"అది నాకూ తెలుస్తోంది! చెవుల పరీక్షకి పిల్లిని వెంటబెట్టుకుని వస్తారా ఎవరైనా?"

"బస్సు కింద దొరికింది, డాక్టరమ్మా. బస్ స్టేషన్‌లో అనౌన్సర్ని నేను. అందరూ మైకు అంటారు. పొద్దున ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీద డ్రైవరు హారన్ కొడుతున్నాడు, నేను మైకులో గొంతు చించుకుంటున్నాను. ఇది చక్రం పక్కన కూర్చుని మూతి తుడుచుకుంటోంది! ఎంత ధైర్యమో చూడండి. మా ఇంటి ఓనరేమో పిల్లి అంటే గేటు దాటనివ్వడు."

"నేను డాక్టర్ని కాదు," అంది ఆమె ముందు. తరవాత ఆ పిల్ల వంక చూసింది. అది ఆమె వేలు పట్టుకుని చీకుతోంది.

"వారం రోజులు మా ఇంట్లో ఉంచుకుంటాను," అనేసింది. "కానీ మా ఇంట్లో ఇంకో పిల్లి ఉంది. మహా పిరికిది. దాన్ని ఒప్పించడం నా ఒక్కదాని వల్ల కాదు. రోజూ సాయంత్రం మీరూ రావాలి."

అన్నాక నాలుక కరుచుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇంటికి రమ్మన్నది తనేనా?

*

పాత ఇంటి పక్కన ఏడాదిపాటు గోడలు పగలగొట్టిన రోజుల్లో పట్టుకుంది ఆమె పిల్లి దొరసానికి ఆ బెదురు. బెల్లు మోగితే మంచం కిందకి. మిక్సీ తిరిగితే పరుపు వెనక్కి. వానపడి కిటికీ టపటపలాడితే ఇక ఆ పూటకి కనబడదు. పేరుకే దొరసాని, బతుకంతా దాక్కోవడమే.

మైకు మొదటి సాయంత్రం గుమ్మంలో నిలబడి, ఎంతో మర్యాదగా "నమస్కారం మామ్మగారూ!" అన్నాడు.

దొరసాని నేల మీంచి బీరువా మీదకి ఎలా వెళ్ళిందో ఎవరూ చూడలేదు.

"ఎంత చక్కటి గొంతు నాయనా!" అంది అమ్మమ్మ మురిసిపోతూ. ఆమెకి కాస్త చెవుడు. "ఒక్క ముక్క పొల్లుపోకుండా వినబడింది. మా మనవరాలు మాట్లాడితే సగం మింగేస్తుంది."

పిల్లిపిల్లకి దూది అని పేరు పెట్టాడతను. దాన్ని వెనక గదిలో ఉంచి తలుపు వేశారు. దొరసాని పడుకునే గుడ్డ దూదికి, దూది తువ్వాలు దొరసానికి, ముందు వాసనలు పరిచయం కావాలని. తలుపుకి అటొక పళ్ళెం, ఇటొక పళ్ళెం, రోజుకో జానెడు దగ్గరికి. మైకు తలుపుకి అటువైపు, ఆమె ఇటువైపు.

"తింటోందా?" గుసగుసగా అడిగాననుకున్నాడతను.

"తినేది. మీరు అడగబట్టి పారిపోయింది."

మూడో రోజునుంచి అతను మాటలు మానేసి, తలుపు కింది సందులోంచి చీటీలు తోయడం మొదలెట్టాడు. "దూది తినేసింది. దొరసాని?" అని ఒకటి. "సగం" అని ఆమె జవాబు. "మీరు తిన్నారా?" అని ఇంకొకటి. ఆమె నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జవాబు మాత్రం రాయలేదు.

ఐదో రోజు వానలో ముద్దయి వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు ముక్కు చివరికి జారుతుంటే, తువ్వాలు ఇవ్వబోయిన ఆమె ఇవ్వడం మరిచిపోయి ఒక్క క్షణం అలాగే చూస్తూ ఉండిపోయింది. అతనూ చూశాడు. ఇద్దరూ ఒకేసారి తువ్వాలు వంక చూశారు.

ఆ రోజే తలుపు తీశారు.

దొరసాని వీపు విల్లులా వంచి బుస్సుమంది. ఏ పిల్ల అయినా ఆ బుసకి వెనక్కి తగ్గాలి. దూది తోక నిటారుగా ఎత్తి నేరుగా నడిచింది. దొరసాని మళ్ళీ బుసకొట్టింది, గుర్రుమంది, అరిచింది. దూది దాని మొహంలో మొహం పెట్టింది. ఫట్‌మని ఒక్కటి పడింది. దూది ముక్కు మీద ఎర్రటి గీత తేలింది.

మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అదే. దొరసాని తిండి మానేసింది. రెండు రోజులు పళ్ళెం తాకలేదు.

"తీసుకెళ్ళిపోండి," అంది ఆమె. "దీనికి భయం లేదు, చెబితే అర్థం చేసుకోదు. నా పిల్లి చచ్చిపోయేలా ఉంది."

"ఇంకో రెండు రోజులు చూద్దామండీ. పసిది కదా..."

"వారం అన్నాను. అయిపోయింది. ఇంక రావద్దు."

పిల్లి ఇక ఇంట్లో వద్దనడమే ఆమె ఉద్దేశం. అతనికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. దూదిని చేతుల్లోకి తీసుకుని గుమ్మం వైపు తిరిగాడు. ఆమె పిలిచి సర్దిచెప్పబోయింది.

సరిగ్గా అప్పుడు వంటింట్లో అమ్మమ్మ చెయ్యి తగిలి, స్టీలు పళ్ళేల స్టాండు మొత్తం గచ్చు మీద పడింది.

ఇల్లు దద్దరిల్లింది. మైకు ఎగిరిపడ్డాడు. దొరసాని కర్టెన్ మీదుగా పైకెక్కిపోయింది. ఒక మూత గిర్రున తిరుగుతూ హాల్లోకొచ్చి మోగుతూ మోగుతూ ఆగింది.

దూది అతని చేతిలో పడుకుని కాలు నాక్కుంటోంది. చెవి కొన కూడా కదల్లేదు.

ముగ్గురూ దాన్నే చూస్తూ కొయ్యబారిపోయారు.

ఆమె మెల్లగా వెళ్ళి, దాని తల వెనక తాళాల గుత్తి గలగలలాడించింది. ఉహూఁ. చిటికె వేసింది. ఉహూఁ.

"దీనికి... దీనికి వినబడదు," అంది.

"అంటే?" అన్నాడు మైకు.

"పుట్టు చెవుడు. తెల్లటి ఒళ్ళు, నీలం కళ్ళు ఉన్న పిల్లుల్లో ఎక్కువ. కాలేజీలో చదువుకున్న పాఠం ఇది!" కుర్చీలో కూలబడింది. "బస్సు హారన్‌కి కదల్లేదని మీరు మొదటి రోజే చెప్పారు. రోజుకి ఇరవై మంది చెవులు పరీక్షిస్తాను నేను. వారం నించి ఇంట్లో ఉన్న దాన్ని కనుక్కోలేకపోయాను."

"నేను మాత్రం? ధైర్యం అనుకుని మురిసిపోయాను," అన్నాడతను. బస్సు చక్రం గుర్తొచ్చిందేమో, దూదిని గుండెకి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు.

"పేరుకి తగ్గట్టు చెవుల్లో దూది పెట్టుకునే పుట్టిందన్నమాట," అంది అమ్మమ్మ, పళ్ళేలు ఏరుకుంటూ.

మర్నాడు ఆస్పత్రి గదిలో స్పీకర్లు పెట్టి చూసింది ఆమె. సన్నటి శబ్దం, లావుపాటి శబ్దం, చివరికి మనుషులు తట్టుకోలేనంతకి ఒక్క మెట్టు తక్కువ. అద్దం అవతల మైకు ఒళ్ళో దూది హాయిగా నిద్రపోతోంది. అతను చెవులు మూసుకుని ఆమె వంక చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నిన్న నేను 'రావద్దు' అన్నది..." అని మొదలెట్టింది బయటికొచ్చాక.

"దాన్నా, నన్నా?"

"దాన్ని. అదీ తప్పే."

అతను ఊపిరి గట్టిగా వదిలాడు. "రాత్రంతా నిద్రపోలేదండీ నేను!" అన్నాడు. వరండాలో జనం మొత్తం తిరిగి చూశారు.

*

దూది ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. బుస వినబడదు కాబట్టి, దొరసానికి కోపం రాకముందే మధ్యలో అట్ట అడ్డం పెట్టేవాళ్ళు. దూది వెనకనించి రాకుండా, ఎప్పుడూ ఎదురుగా కనబడేలా తెచ్చేవాళ్ళు. పది రోజులకి దొరసాని తనే ఒక ఉపాయం కనిపెట్టింది. అరవడం మానేసి, దూది నెత్తి మీద పంజా పెట్టి నేలకి అదిమి పట్టింది. గోళ్ళు బయటికి తియ్యలేదు. దూదికి ఆ భాష వెంటనే అర్థమైంది. బుద్ధిగా కూర్చుంది.

ఆ తరవాత దూది దొరసానిని చూసే లోకం తెలుసుకునేది. అది పరిగెడితే ఇదీ వెనకే పరుగు. మంచం కింద దొరసాని వణుకుతుంటే, ఇది దాని తోకతో ఆడుకునేది. వణుకుతూ ఆడించడం కుదరదు కదా. దొరసాని వణకడం తగ్గించుకుంది.

ఒక ఆదివారం సాయంత్రం నలుగురైదుగురు ఇంట్లో ఉన్నంత సందడిగా ఉంది, ఉన్నది ముగ్గురే అయినా. మైకు ఏదో చెబుతున్నాడు, అమ్మమ్మ నవ్వుతోంది. హఠాత్తుగా బెల్లు గణగణ మోగింది. కొరియర్ మనిషి.

దొరసాని చివాలున లేచి మంచం వైపు రెండడుగులు వేసింది. వెనక్కి చూసింది. చాప మధ్యలో దూది వెల్లకిలా నిద్రపోతోంది, దానికేం తెలుసు.

దొరసాని ఆగింది. ఒళ్ళంతా గగుర్పొడిచి, తోక బ్రష్షులా ఉబ్బిపోయి, కాళ్ళు వణుకుతూ వెనక్కి వచ్చింది. నిద్రపోతున్న పిల్లకి అడ్డంగా నిలబడి తలుపు వైపు బుస్సుమంది.

బీరువాలూ పరుపులూ తప్ప ఇంకో దిక్కు ఎరగని దొరసాని! ఎప్పుడు పట్టుకుందో తెలియదు, మైకు చెయ్యి ఆమె చేతిలో ఉంది.

బయట కొరియర్ మనిషి మళ్ళీ బెల్లు కొట్టాడు. ఎవరూ కదల్లేదు. చివరికి అమ్మమ్మే వెళ్ళి సంతకం పెట్టి వచ్చి, ఆ రెండు చేతుల వంకా తీరిగ్గా చూసి కూర్చుంది.

"పిల్లులు కలిసిపోయాయిగా అబ్బాయ్. వారం అన్నది నెల దాటింది. ఇంకా ఎందుకొస్తున్నావు?"

"అమ్మమ్మా!" చెయ్యి వదిలేసి లేచి నిలబడింది ఆమె. మొహం కందగడ్డ అయింది.

మైకు బీరువా వంక చూశాడు. తప్పించుకోవడానికి బీరువా ఎక్కే వీలు మనుషులకి లేదాయె.

"మొదటి వారం పిల్లి కోసమే వచ్చాను మామ్మగారూ," అన్నాడు. "తరవాతంతా దాని పేరు చెప్పుకుని వచ్చాను." ఆమె వైపు తిరిగాడు. "మీ కోసం. చెబుదామని రోజూ అనుకుంటాను. ఒకసారి రావద్దన్నారు కదా, మళ్ళీ ఆ మాట వినాల్సొస్తుందేమోనని భయమేసింది."

ఆమె వంగి చాప అంచు సర్దడం మొదలెట్టింది. అతని మొహంలో ఆశలు ఒక్కొక్కటిగా ఆరిపోతున్నాయనగా తలెత్తింది.

"రేపు మీకు సెలవే కదా. మీ అమ్మగారు ఇంట్లో ఉంటారా?"

"ఉంటుంది. ఏం?"

"మేం వస్తాం. అమ్మమ్మా నేనూ. మీ అబ్బాయిని నాకిస్తారా అని అడగడానికి."

అన్నాక ఆమెకే నమ్మకం కలగలేదు. మైకు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఏ శబ్దమూ రాలేదు.

"పొద్దున్నే వెళ్దామా, సాయంత్రం వెళ్దామా?" అని అడిగింది అమ్మమ్మ, కొరియర్ కవరు పక్కన పెడుతూ.

"పొద్దున్నే!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.