మూడు వారాల సైకిలు

"బిగినర్ అని ఎవర్ని అంటున్నారండీ? నన్నేనా?"

సైకిళ్ళ కొట్టులో యోరిట్ చేతిలో పానా అలాగే ఆగిపోయింది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి దాదాపు అతనంత పొడుగుంది. వానకు తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కళ్ళు మాత్రం నిప్పులు కురిపిస్తున్నాయి.

"నాలుగో ఏట సైకిలెక్కాను నేను. రోజూ బడికి పన్నెండు కిలోమీటర్లు, అదీ ఎదురుగాలిలో. ఇప్పుడు అదే బళ్ళో పాఠాలు చెబుతున్నా. ఈ డోక్కుమ్ ఊళ్ళో పుట్టినదాన్ని పట్టుకుని బిగినర్ అంటారా?"

"లగ్జెంబర్గ్ దాకా ఎప్పుడైనా తొక్కారా?"

"లేదు. ఇదే మొదటిసారి."

"ఇరవై కిలోల సామానుతో?"

"లేదు."

"పోనీ, ఏదైనా కొండ ఎక్కారా?"

"కాలవ మీది వంతెన ఎక్కా" అంది ఆమె బింకంగా.

యోరిట్ నవ్వు ఆపుకోవడానికి తల దించుకున్నాడు. కానీ అతని పిన్ని ఆఫ్కె ఎందుకు ఆపుకుంటుంది? కొట్టు ఆవిడది, నోరు కూడా ఆవిడదే. కాఫీ కప్పు పక్కన పెట్టి మరీ పకపకా నవ్వింది.

అమ్మాయి పేరు హిస్కె. తరగతిలో ఇరవై ఇద్దరు పిల్లలు. ఒక్కొక్కరు మ్యాపులో లగ్జెంబర్గ్ దారిలోని ఒక్కో ఊరు ఎంచుకున్నారు. ప్రతి ఊరినుంచీ ఒక కార్డు పంపుతానని ఆమె మాటిచ్చేసింది. వేసవి సెలవులు మొదలయ్యే శనివారమే బయల్దేరాలి. పిల్లలకిచ్చిన మాట తప్పితే సెలవుల తర్వాత ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

"అదిగో, ఆ ఎర్రది కావాలి" అంది, గోడకున్న రేసు సైకిలు చూపించి.

"అది తేలిగ్గా, ముద్దుగా ఉంటుంది. కానీ క్యారియర్ బిగించే చోటే లేదు. టైర్లు సన్నం. గేర్లు కుర్రాళ్ళ పందేలకి పనికొస్తాయి. మీకు కావాల్సింది ఉక్కు ఫ్రేము, లావు టైర్లు, ముందూ వెనకా క్యారియర్లు, కొండెక్కే చిన్న గేర్లు. చూడ్డానికి గేదెలా ఉంటుంది గానీ, ఎక్కడా కూలబడదు."

"నాకు గేదె వద్దు. ఎర్రదే తొక్కి చూస్తా."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండి టీచరమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. యోరిట్ సైకిలు దించి ఇచ్చాడు.

వంతెన ఎక్కడం బాగానే ఎక్కింది. దిగేటప్పుడు ఓ బాతు తన పిల్లల్ని వెంటేసుకుని తాపీగా రోడ్డు దాటుతోంది. ఆ ఊళ్ళో అందరిలాగే హిస్కె జీవితమంతా పెడల్ వెనక్కి తొక్కితే ఆగే సైకిలే తొక్కింది. ఇప్పుడూ కాలు వెనక్కి తొక్కింది. పెడల్ గిర్రున తిరిగింది, సైకిలు మాత్రం ఆగలేదు. బాతుల్ని తప్పించబోయి సైకిలుతో సహా పక్క కాలవలో పడింది.

యోరిట్ పరుగెత్తుకొచ్చి నడుంలోతు నీళ్ళలోకి దిగి చెయ్యందించాడు.

"బ్రేకులు చేతి దగ్గరుంటాయని చెప్పొద్దా?" అని అరిచింది, నెత్తిమీది నాచు లాక్కుంటూ.

"చెబుదామనే అనుకున్నా. నాలుగో ఏట సైకిలెక్కానన్నారుగా!"

ఆమె ఆ నాచు ముద్ద తీసి అతని మొహాన కొట్టింది. మరుక్షణం ఇద్దరికీ నవ్వు ఆగలేదు. యోరిట్ మనసు పారేసుకున్నది అప్పుడే. ఆ సంగతి అతనికి అప్పుడే తెలుసు కూడా.

ఆ తర్వాత నెలన్నర పాటు ప్రతి సాయంత్రం ఆమె కొట్టుకి వచ్చింది. ఇద్దరిదీ ఒకే సైజు కాబట్టి యోరిట్ తన సొంత ఆకుపచ్చ సైకిలే ఇచ్చి తొక్కించాడు. రెండు చలికాలాలు కూర్చుని స్వయంగా కట్టుకున్న ఉక్కు సైకిలు అది. ఆగస్టులో దాని మీద నార్వే వెళ్ళాలని అతని కోరిక.

సంచుల్లో ఇటుకలు నింపి, సముద్రపు గట్టు వెంట నలభై కిలోమీటర్లు తిప్పేవాడు. తనేమో పిన్ని పాత సైకిలెక్కి, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే వెనకాల రొప్పుతూ వచ్చేవాడు. దారిలో చక్కెర రొట్టె చెరిసగం. వానొస్తే ఏ గొర్రెల కొట్టం చూరు కిందో ఆగేవాళ్ళు. అండీలు గిండీలు ఎప్పుడో పోయాయి.

"ఎర్రదా, గేదా?" అని అడిగేవాడు రోజూ.

"ఇంకా ఆలోచిస్తున్నా" అనేది హిస్కె. గేదే మంచిదని మొదటి వారంలోనే తెలిసిపోయింది ఆమెకి. ఆ మాట చెప్పేస్తే రోజూ రావడానికి సాకేముంటుంది?

చివరికి సెలవులకు ఐదు రోజుల ముందు, సోమవారంనాడు, "గేదె" అంది. యోరిట్ వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. ఆ సైజు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు.

హిస్కె మొహం వాడిపోయింది. తప్పు తనదే. ఆ సంగతి ఒప్పుకోవాలంటే ఇన్నాళ్ళూ ఎందుకు నాన్చిందో కూడా ఒప్పుకోవాలి. "అయితే ఎర్రదే తీసుకుపోతా. సామాను వీపుకి కట్టుకుంటా" అంది.

"వద్దు హిస్కె. నాలుగో రోజుకి నడుం పడిపోతుంది."

"వాడికి నువ్వసలు వెళ్ళడమే ఇష్టం లేదే అమ్మాయ్!" అంది ఆఫ్కె లోపల్నుంచి. "పొద్దస్తమానం నీ పేరే. కాఫీలో చక్కెరకి బదులు ఉప్పేసుకుంటున్నాడు."

ఎదుటివాడి జుట్టు బాగాలేకపోతే మొహంమీదే చెప్పేసే ఊరు అది. మనసులో ఏదీ దాచుకోరు, దాచుకోనివ్వరు కూడా.

హిస్కె అతనివైపు తిరిగింది. "మూడు వారాలన్నది ఫ్యాక్టరీ మాటా, నీ మాటా?"

యోరిట్ ఇరుకున పడ్డాడు. పిన్ని మాట తప్పంటే అబద్ధం. నిజమంటే, మూడు వారాలూ అబద్ధమనుకుంటుంది. ఆమెను ఆపడానికి ఆడిన నాటకమనుకుంటుంది. అతను తల దించుకుని, తుడిచిన పానానే మళ్ళీ తుడవసాగాడు.

"నిన్ను నమ్మాను యోరిట్" అందామె. ఆ గొంతులో కోపంకన్నా దిగులే ఎక్కువుంది. "శుక్రవారం వచ్చి ఎర్రది తీసుకుపోతా."

ఆ మూడు రోజులూ ఆమె రాలేదు. యోరిట్‌కి తిండి సయించలేదు.

శుక్రవారం హిస్కె వచ్చేసరికి కొట్టు మధ్యలో ఆకుపచ్చ సైకిలు నిలబడి ఉంది. క్యారియర్లు బిగించి ఉన్నాయి. సీటు ఆమెకి అలవాటైన ఎత్తులో ఉంది. సంచుల్లో పంచరు సామాను, గొలుసు నూనె, వాన కోటు ఉన్నాయి.

"ఇదేంటి?"

"నీ సైకిలు. రేపు దీనిమీదే వెళ్ళు."

"మరి నీ నార్వే?"

"నార్వే ఎక్కడికీ పోదు. పిల్లల సెలవులు అయిపోతాయి."

ఆమె హ్యాండిలు మీద చెయ్యి వేసింది. రెండు చలికాలాల కష్టం అది. దాన్ని ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదని ఊరంతా చెప్పుకుంటుంది.

యోరిట్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "రేపు వెళ్ళిపోతున్నావు కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. పిన్ని అన్నది నిజమే. నువ్వు వెళ్తుంటే నాకు బెంగగా ఉంది. నువ్వంటే ప్రాణం. కానీ మూడు వారాలు మాత్రం ఫ్యాక్టరీ మాటే."

హిస్కె కళ్ళు నిండిపోయాయి. "నేనూ ఒకటి చెప్పాలి. గేదెని నేను మొదటి వారంలోనే ఎంచుకున్నా. ఆర్డరు ఆలస్యమైంది నావల్లే. రోజూ నిన్ను చూడాలనిపించింది, అందుకని. పైగా నిన్ను అబద్ధాలకోరన్నాను."

"అనలేదు. నమ్మానన్నావు, అంతే."

"అదింకా ఘోరం" అంటూ అతని భుజంమీద తల పెట్టి, ఏడుస్తూనే నవ్వింది. గ్రీజు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక యోరిట్ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి నిలబడ్డాడు.

"పట్టుకోరా వెర్రివాడా, చొక్కా ఉతుక్కుంటుంది!" అని లోపల్నుంచి ఆఫ్కె కేకేసింది. అతను పట్టుకున్నాడు.

"ఆ ఆర్డరు రద్దు చెయ్యకు" అంది హిస్కె. "అది రాగానే దాంతో రైలెక్కి దారిలో ఉన్న మాస్ట్రిఖ్ట్ ఊరికి వచ్చెయ్. అప్పటికి నేనక్కడుంటా. కొండలన్నీ ఆ తర్వాతేగా. కలిసి ఎక్కుదాం."

శనివారం పొద్దున్నే ఆమె బయల్దేరింది. పిల్లలు సందు చివరిదాకా వెంట పరుగెత్తారు. యోరిట్ మాత్రం కొట్టు ముందే నిలబడి, ఆకుపచ్చ సైకిలు కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉండిపోయాడు.

"ఏడుస్తున్నావా?" అంది ఆఫ్కె.

"అవును పిన్నీ. ఇంకా పదహారు రోజులు."

ఆవిడ అతని వీపు నిమిరింది. "సోమవారం నేనే ఆ ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తాలే. ఒక్క రోజైనా ముందు పంపకపోతే నా నోటి సంగతి వాళ్ళకి చూపిస్తా."