మూసి తెచ్చిన తలుపు

ఏలూరు దస్తగిరి మేస్త్రీ కొత్త ఇటుక ముట్టుకోడండీ. పాత మేడ చూపిస్తే చాలు, పెంకూ దూలం గుమ్మం గీత పడకుండా విప్పేసి ఇంకోచోట నిలబెట్టేస్తాడు. ఓసారి అతను విప్పిన ఇంట్లో నిద్రపోయిన పిల్లి, కళ్ళు తెరిచేసరికి నల్లజర్లలో ఉందంట! నవ్వకండి, పిల్లిని నేను చూశాను.

అలాంటోడికి, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారోళ్ళు కొట్టేసిన మరుసటేడు, భీమడోల్లో చేపల మేత కంపెనీ ఆఫీసు పని తగిలింది. ఇంజనీరు భానుప్రకాష్ గారిదీ అదే పిచ్చి.

"కొత్త చెట్టు కొట్టొద్దు మేస్త్రీ గారూ. ఉంగుటూరు కాడ మూతపడ్డ రైసుమిల్లే మన ఆఫీసు అవ్వాలి. రేపు ఇదీ వద్దనుకుంటే, విప్పుకుపోయి ఇంకోటి కట్టుకునేలా ఉండాలి" అన్నారు. అందుకే సిమెంటు బదులు సున్నం, మేకుల బదులు బోల్టులు.

"అంటే దీనికి చావే లేదన్నమాట" అని నవ్వాడు దస్తగిరి.

ఎండల్లో విప్పి, వానల్లో కట్టి, ఒళ్ళు హూనమైపోయింది. బావమరిది ఇలియాస్ అయితే నిలబడే కునుకు తీసేవాడు. "తమ్ముణ్ణి జాగర్తగా తీసుకురా" అని పెళ్ళాం నసీమా రోజూ చెప్పడం, "నీ తమ్ముడేవన్నా గాజుబుడ్డా?" అని ఇతను వెక్కిరించడం.

విప్పేవాళ్ళకి ఓ ఆనవాయితీ ఉందండీ. గుమ్మం పీకేముందు తలుపులు బార్లా తీసి ఓ రాత్రి వదిలేయాలి. లోపల ఏదన్నా ఉంటే దాని దారిన అది పోతది. మిల్లులో వడ్లు ఉడకబెట్టే గది తలుపు మాత్రం బిగుసుకుపోయింది. మిల్లులో ఊక ఊడ్చిన ముసలమ్మ కనకమ్మ, "అది తియ్యకుండా పట్టుకెళ్ళకు బాబూ" అంది. లారీవాడు హారన్ కొడతన్నాడు. దస్తగిరికి నడుం విరిగిపోతంది.

"మామ్మగారూ, లోపలున్నోళ్ళకీ లారీలో చోటుందండీ!"

చుట్టూ గోడ కొట్టేసి, మూసిన తలుపు మూసినట్టే గుమ్మంతో సహా ఎక్కించేశాడు. ఆఫీసులో సామాన్ల గదికి అదే బిగించాడు. కిటికీ లేని గది. ఇక్కడ మాత్రం చెయ్యి పెడితే తెరుచుకుంది.

తెల్లారితే ప్రారంభం. సాయంత్రం ముసురు. కరెంటు పోయింది. ఇలియాస్ ఆ గదిలో గచ్చు తుడుస్తున్నాడు. కొల్లేటి వైపు నించి తడిగాలి... అందులో ఉడికిన వడ్ల వాసన.

తలుపు దానంతటదే మూసుకుంది. బయట గొళ్ళెం... టక్కున పడింది.

"బావా, ఆటలొద్దు. నువ్వు తియ్యి ముందు."

బయటున్న దస్తగిరి గొళ్ళెం లాగాడు. రాలేదు.

"ఏవండీ..." లోపల ఆడగొంతు. మెత్తగా. "ముందు నన్ను తీస్తారా అండీ..."

చెయ్యి ఆగిపోయింది.

"ఇలియాసూ... నీతో ఎవరున్నార్రా?"

"ఎవరూ లేరు బావా. ఊపిరాడట్లేదు. ఆవిరి... కాలిపోతంది..."

సందులోంచి ఆవిరి వస్తంది. తీస్తే అదీ వస్తది. తియ్యకపోతే ఇలియాస్ రాడు. నసీమాకి ఏం చెప్తాడు? బిస్మిల్లా అని సుత్తితో గొళ్ళెం లేపి, పక్కకి తప్పుకున్నాడు.

వెచ్చటి గాలి చెంప రాసుకుంటూ పోయింది. తర్వాత ఇలియాస్ వచ్చాడు. ఒళ్ళంతా తడి. జుట్టు నిండా ఊక.

దస్తగిరికి ఏడుపొచ్చింది. తలుపు బార్లా తీసి, ఇటుక అడ్డం పెట్టి, వాచ్‌మన్ వీర్రాజుకి చెప్పాడు. "తెల్లారేదాకా ముట్టుకోకు."

ఏలూరు బస్సులో ఇలియాస్ అతని భుజం మీద తల వాల్చేశాడు. దస్తగిరికీ రెప్పలు నిలబడట్లేదు. పోయిందిలే, వాణ్ణి ఇంటికి చేర్చేస్తే చాలనుకున్నాడు.

"ఏలూరొస్తే లేపుతారా అండీ..." కళ్ళు తెరవకుండానే అన్నాడు ఇలియాస్.

ఇలియాస్ ఏనాడూ బావని 'మీరు' అనలేదు.

జేబులో సెల్లు మోగింది. వీర్రాజు.

"మేస్త్రీ గారూ, మీరు తెరిచిపెట్టిన తలుపుకి గొళ్ళెం వేసుందండీ. లోపల ఎవరో బావా, బావా అంటన్నారు... తియ్యమంటారా?"

దస్తగిరి నోరు తెరిచాడు.

భుజం మీది తల... వద్దన్నట్టు... మెల్లగా ఊగింది.