మూడో ట్రిప్పు సంతకం

రైలు నడుపుడు నేర్చుకునేటోళ్ళకు మొట్టమొదట నేర్పేది ఇంజను కాదు. నోరు.

సిగ్నల్ కనపడంగనే అసిస్టెంటు చెయ్యి చాపి దాని పేరు, రంగు గట్టిగ చెప్పాలె. పక్క సీట్ల ఉన్న పైలటు, అంటే బండి నడిపేటోడు, తను గూడ చెయ్యి చాపి అదే మాట తిరిగి అనాలె. ఒకరు కునుకు తీసినా ఇంకొకరి గొంతు లేపుతదని. ట్రైనింగు స్కూల్ల బ్రేకులు, వైరింగు, రూల్సు అన్నీ చెప్పిన్రు, పరీక్షలు పెట్టిన్రు. నాకు నిద్రల గూడ వచ్చేది మాత్రం ఈ రెండు గొంతులే. హాస్టల్ల నా పక్క మంచం పుష్ప పొద్దున లేచి నవ్వేది. "నాగరాణీ, రాత్రంత ఎవరికో సిగ్నళ్ళు చెప్తనే ఉన్నవ్. అవతలోడు పలుకుతుండా లేదా?"

అప్పుడు నేను గూడ నవ్విన.

స్కూలు అయినంక తొవ్వ నేర్చుకోవాలె. మనం ఏ సెక్షన్ల పనిచెయ్యాల్నో ఆ సెక్షన్ల ఇంజనెక్కి, వెనుక నిలబడి, మూడు ట్రిప్పులు పోయి రావాలె. అందుల ఒకటి రాత్రి ట్రిప్పు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ దిగుడు, ఏ మలుపు దాటితే సిగ్నలు, ఎక్కడ హారన్ బోర్డు, అన్నీ కండ్లు మూసుకున్నా కనపడాలె. హారన్ బోర్డంటే పసుపు రంగు పలక. ముందర గేటున్నది, కూత వేసుకుంట రమ్మని దానర్థం. మూడు ట్రిప్పులయినంక "ఈ తొవ్వ నాకు తెలుసు" అని కాగితం మీద సంతకం పెడితేనే పనిల పెట్టుకుంటరు.

నాకు పడ్డది నల్గొండ నుంచి కృష్ణ దిక్కు పోయే సిమెంటు గూడ్సుల తొవ్వ. అది మా ఊరు రాళ్ళవాగు పక్క నుంచే పోతది.

మేం కుర్మోళ్ళం, గొర్లే మా బతుకు. తొమ్మిదేండ్ల కింద, నేను పదో తరగతిల ఉన్నప్పుడు, మా నాయిన సాయిలు చీకటి పడినంక మందను తోలుకొస్తుండె. మా ఊరి దగ్గర మనిషి లేని గేటు దాటుతుంటే గూడ్సు బండి గుద్దింది. నాయిన, నాయినతోటి పదిహేడు గొర్లు. బండి కూత వేసుకుంటనే వచ్చిందట. మనిషే తాగిన మత్తుల ఇనలేదట. కాగితంల గట్లనే రాసిన్రు. మా నాయిన తాగంగ మేమెన్నడూ చూడలే. అయినా రాసిన కాగితం ముంగట మా మాటెంత. ఊరు దాన్నే నమ్మింది. ఏండ్లు గడిచేకొద్దీ మా అమ్మ భద్రమ్మ గూడ నమ్మింది. పెత్రమాస నాడు అందరూ చచ్చిపోయిన పెద్దలకు ఆకేసి, బువ్వ, కూర, కల్లు పెడ్తరు. మా అమ్మ నాయిన ఆకు పక్కన కల్లుకు బదులు నీళ్ళు పెట్టేది. అదే గద ఆయిన్ని మింగింది అనేది.

కొన్నేండ్లకు ఆ గేటు మూసి, పట్టాల కింద నుంచి తొవ్వ తీసిన్రు. హారన్ బోర్డు పీకేసిన్రు. ఆ ఏడాదే శ్రీశైలం సారు మా ఇంటికొచ్చిండు.

సారు లోకో పైలటు. యాభై దాటిన మనిషి, మెల్లగ మాట్లాడేటోడు. గుట్ట మీద గొర్లను మేపుకుంట సదువుకునే పిల్ల ఉన్నదని స్టేషన్ల ఎవరో చెప్తే చూడొచ్చిన అన్నడు. పరీక్షల పుస్తకాలు తెచ్చిచ్చిండు. డిగ్రీ నేను కాలేజీకి పోకుండనే కట్టిన, లెక్కలు ఫోన్ల చూసి నేర్చుకున్న. గాని గిట్లాంటి ఉద్యోగం ఒకటుందని, ఆడపిల్లలు గూడ ఇంజను నడపొచ్చని చెప్పింది ఆయనే. ఒకసారి ఫెయిలైతే మళ్ళ రాయించిండు. ఎందుకింత చేస్తున్నవ్ సార్ అంటే, నాకు పిల్లల్లేరు గద అనేటోడు. నాయిన పోయినంక నన్ను బిడ్డా అని పిలిచిన మొగమనిషి ఆయనొక్కడే.

ఉద్యోగమొచ్చిన నాడు తన తొవ్వ నోటుబుక్కు నా చేతుల పెట్టిండు. మొదటి పేజీల 2013 అని ఉన్నది. కిలోమీటరు కిలోమీటరుకు చేతిరాత, హారన్ బోర్డున్న చోటల్ల ఎర్ర సిరా గీత. నేను దాన్ని దేవుని పటం లెక్క చూసుకున్న. మొత్తం నోటికి పట్టిన.

ఆయన బండ్ల మీదనే రెండు పగటి ట్రిప్పులు పోయొచ్చిన. మూడోది, రాత్రిది, మిగిలింది. ఆ పొద్దు క్యాంటీన్ల చాయ్ తాగుకుంట సారు కాగితం నా ముంగటికి జరిపిండు. "రెండు చాలు బిడ్డా. తొవ్వ నీకు నోటికొచ్చు. మూడోది పోయినట్టు రాసి సంతకం పెట్టు, పక్కన నేన్ గూడ పెడ్త. గీ వానల రాత్రి తిరుగుడెందుకు."

పెట్టిన. సిగ్గు విడిచి రాస్తున్న, పోని ట్రిప్పుకు నేను సంతకం పెట్టిన. ఆయన చెప్పిండు గద అని రెండో ఆలోచన గూడ చెయ్యలే.

సాయంత్రం గదిల కూసున్న. సంతకం పెట్టిన చెయ్యి నాది కానట్టే అనిపించింది. లేచి బ్యాగు, టార్చి తీసుకొని యార్డుకు పోయిన. ఆ రాత్రి గూడ్సు సారుదే. మెట్లెక్కుతుంటే నన్ను చూసి ఆయన మొకం మాడిపోయింది. ఇంటికి పో బిడ్డా అన్నడు. సంతకాన్ని నిజం చేస్తున్న సార్ అని నవ్విన. అసిస్టెంటు రాజేశన్న నా దిక్కే మాట్లాడిండు. "రానీయ్ సార్ చెల్లెను. మనిద్దరం ఒకరి మొకం ఒకరు చూసుకుంట ఎంతసేపు పోతం."

ఏడున్నరకు బండి కదిలింది.

బయట సన్న వాన. అద్దం మీద వైపరు గీరుకుంట తిరుగుతాంది. లోపల కాగిన నూనె వాసన, ఇనుము వాసన. సీట్ల వెనుక నేను నోటుబుక్కు పట్టుకొని నిలబడ్డ. నిమిషానికోసారి సారు ఒక బటన్ నొక్కుతుండె. పైలటు మెలకువతోని ఉన్నడని ఇంజనుకు తెల్వాలె. నొక్కకపోతే బజరు మోగుతది.

"డిస్టెంట్ గ్రీన్" అన్నడు రాజేశన్న.

"డిస్టెంట్ గ్రీన్" అన్నడు సారు.

యాభై కిలోమీటర్లు గిట్లనే గడిచినయి. పొలాల్ల నుంచి తడి మట్టి వాసన, కప్పల చప్పుడు. నాకు భయమెక్కడిది. ఇదే తొవ్వల పుట్టి పెరిగిన.

యాభై ఏడు దాటినంక రాజేశన్న చెయ్యి చాపి "హోమ్ గ్రీన్" అన్నడు. సారు తిరిగి అన్నడు.

ఆ తర్వాత... నా వెనుక నుంచి ఇంకెవరో మెల్లగ...

"గ్రీన్."

తిరిగి చూసిన. మోటర్లుండే మిషన్ రూము తలుపు. మూసే ఉన్నది. ఇనుప గోడలకు గొంతు మారుమోగిందనుకున్న.

తర్వాతి సిగ్నలొచ్చింది. "స్టార్టర్ గ్రీన్" అన్నడు రాజేశన్న. ఈసారి సారు నోరు తెరవలే. నేను ఆయన పెదవుల దిక్కే చూస్తున్న. కదలలే. తిరిగి చెప్పిన గొంతు నా భుజం వెనుక నుంచొచ్చింది. రాజేశన్న సారే అన్నడనుకొని ముంగటికే చూస్తుండు.

అప్పుడు వాసనొచ్చింది.

తడిసిన గొంగడి వాసన. గొర్లు కాసిన ఇంటి బిడ్డను, ఆ వాసన నాకెవరూ చెప్పే పని లేదు. నూనె వాసనను తోసుకుంట వచ్చి ముక్కుల కూసున్నది. దాని వెంబడే గంటలు. సన్నయి... మంద పోతుంటే మోగేటివి. డెబ్బయి స్పీడుల పోయే ఇంజన్ల గంటల చప్పుడు ఇనపడొద్దు. ఇనపడ్డది.

టార్చి వేసి నోటుబుక్కు చూసిన. అరవై, అరవై ఒకటి. మా ఊరి జాగా. పేజీ మీద ఆ చోట ఏమీ లేదు.

తల ఎత్తిన. వాన గీతల్ల, లైటు చివర... పసుపు పలక.

"సార్" అన్న గొంతు తగ్గించి. "అదేంది?"

ఆయన చూపు ముంగటి నుంచి తిరగలే.

"అక్కడ బోర్డు లేదు, బిడ్డా."

నేను బోర్డు అనలేదు.

చేతుల నోటుబుక్కు బరువెక్కింది. 2013ల రాసిన పుస్తకం. అప్పటికి గేటు మూయలే, బోర్డు పీకలే. మరి ఆ చోట ఎర్ర గీత ఎందుకు లేదు...

"ఏ బోర్డు?" రాజేశన్న అద్దంలకు వంగి చూస్తుండు. "ఏం లేదుగ."

పలక దగ్గరికొచ్చింది. మా పక్క నుంచి పోయింది. దాని వెనుక పట్టాల నిండ తెల్లగ, నల్లగ... వీపులు. గొర్లు. నడుమల గొంగడి తల మీంచి కప్పుకొని ఒక మనిషి. మాకు వీపు పెట్టి నిలబడ్డడు. కదుల్తలేడు. కూత ఇనపడితే గద తిరిగేది.

సారు చెయ్యి హారన్ మీదనే ఉన్నది. నొక్కుతలేదు. బజరు మోగుడు మొదలైంది...

నేను రాజేశన్న మీంచి వంగి ఆయన దిక్కున్న హారన్ బటన్ నొక్కిన. అరచెయ్యి మొత్తం పెట్టి నొక్కిన.

కూత. పొడుగు కూత.

మనిషి తిరిగిండు. గొంగడి లోపల మొకం లేదు, చీకటే ఉన్నది. ఆ చీకటి నా దిక్కు చూడలే. సారు కూసున్న ఎడమ సీటు దిక్కు చూసింది.

తర్వాత ఏ దెబ్బా తగలలే. పట్టాలు ఖాళీ. వాన.

ముంగటి స్టేషన్ల రెడ్ పడి బండి ఆగింది. ఏదన్న పశువు తగిలిందేమో చూస్తనని రాజేశన్న టార్చి పట్టుకొని దిగిండు. ఇంజన్ల మేమిద్దరమే మిగిలినం.

"ఆ బండి నువ్వే నడిపినవా సార్?"

సారు గుసగుసగ చెప్పిండు. "రాత్రి ట్రిప్పు నేను పోలే బిడ్డా. పోయినట్టు సంతకం పెట్టిన. గీ తొవ్వల నా మొదటి రాత్రి అదే. పగటి ట్రిప్పుల్ల ఆ బోర్డు నా కంట పడలే, అక్కడ బోర్డున్నట్టే నాకు తెల్వదు."

"హారన్?"

"కొట్టలే."

"తాగిండని..."

"నేనే రాసిన."

నాకు ఏడుపు రాలే. ఆయన తెచ్చిచ్చిన పుస్తకాలు యాదికొచ్చినయి. మా ఇంట్ల కూసొని మా అమ్మ చేతి జొన్న గడ్క తిన్నది యాదికొచ్చింది. నాయిన ఫోటో కిందనే కూసునేటోడు. ఒక్కనాడు గూడ తల ఎత్తి ఫోటో చూడలే. బిడ్డా అన్న ప్రతిసారి ఆయన అప్పు తీరుస్తుండని నాకేం తెలుసు.

సారు నా చెయ్యి పట్టుకున్నడు. చల్లగ ఉన్నది. "ఎవ్వరికి చెప్పకు. ఎనిమిది నెలల్ల రిటైరైత. అయినా... నువ్వు గూడ సంతకం పెట్టినవ్ గద బిడ్డా."

అప్పుడు తెలిసింది, క్యాంటీన్ల ఆ కాగితం ఎందుకు జరిపిండో. ఈ చోటికి రాత్రి నన్ను రానియ్యొద్దని. ఎప్పటికన్న వస్తే, నా నోరు గూడ కట్టి ఉండాలని.

రాజేశన్న ఎక్కిండు. చక్రాలకు ఏమీ అంటలేదన్నడు. నా దిక్కు వింతగ చూసి అడిగిండు. "గంతగనం బటన్ మీద పడ్డవేంది చెల్లె? హారన్ రానే రాలే."

తెల్లారి ఆఫీసుకు పోయి అంత రాసిచ్చిన. నా దొంగ సంతకం సంగతి ముందు రాసి, ఆయన సంగతి తర్వాత రాసిన. విచారణ అయ్యేదాక నన్ను పని నుంచి ఆపిన్రు. నా తప్పుకు నా సంతకమే సాక్ష్యం. ఆయన మాటకు సాక్ష్యమేదన్నరు. ఆయన డ్యూటీ చేస్తనే ఉన్నడు, అదే తొవ్వల.

నేను ఊరికొచ్చిన. అమ్మకు చెప్పిన. అమ్మ ఒక్క మాటే అడిగింది. "గా రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చిన బండిల ఉన్నవా?" అవునన్న. "కూత ఇన్న" అన్నది. "గేటు మూసినంక ఆడ ఏ బండి కూత వెయ్యలే. నువ్వేననుకున్న."

నిన్న పెత్రమాస. తొమ్మిదేండ్లకు అమ్మ నాయిన ఆకు పక్కన కల్లు పెట్టింది. కొంగుతోని గ్లాసు తుడిచి, అంచుదాక పోసింది. ఇద్దరం పండుకున్నం. ఎనిమిదిన్నరకు పట్టాల దిక్కు నుంచి కూత ఇనపడ్డది. చాలాసేపు ఇనపడ్డది. మధ్యల తెగిపోయింది.

పొద్దున అమ్మ వాకిట్ల నుంచి పిలిచింది. పోయి చూసిన. నాయిన గ్లాసు ఖాళీ అయింది. దాని పక్కన ఇంకో ఆకు పరిచి ఉన్నది. బువ్వ, కూర, నీళ్ళ గ్లాసు. ఆకు అంచుకు తడిసిన ఉన్ని పోగు ఒకటి అంటుకొని ఉన్నది.

"రెండో ఆకు ఎవరికేసినవే?" అన్నది అమ్మ.

నేను వెయ్యలే. అమ్మ గూడ వెయ్యలే. బతికున్నోళ్ళకు మేం ఆకు వెయ్యం.

నిన్న రాత్రి గూడ్సు మీద శ్రీశైలం సారే ఉన్నడు. డ్యూటీ దిగేది పొద్దున ఆరింటికి. ఇప్పుడు పది దాటింది. నేను చేస్తనే ఉన్న, ఆయన ఫోను మోగుతనే ఉన్నది.