లేని పెళ్ళికూతురికి పట్టుచీర

పొట్టకూటి కోసం చెప్పే అబద్ధాన్ని దేవుడు పాపం కింద జమకడతాడా, పని కింద జమకడతాడా? పురుషోత్తానికి చిన్నప్పటి నుంచీ ఇదే సందేహం. 2006లో ఆ సందేహమే ఉద్యోగమై దొరికింది.

మిస్టరీ షాపర్ పని. కొనేవాడిలా అంగడికి పోవాలి. సేల్స్ గర్ల్ ఎలా మాట్లాడిందో బెంగళూరు కంపెనీకి రాసి పంపాలి. తానెవరో చెప్పకూడదు.

మొదటి డ్యూటీ హోసూరులో చీరల షోరూం. బయట తుంపర. లోపల సేల్స్ గర్ల్ త్రివేణి. చీర మడత విప్పుతూ ఆమె ఒకసారి కళ్ళెత్తేసరికి, బాగలూరు నుంచి బస్సులో బట్టీపట్టి వచ్చిందంతా మరిచిపోయాడు.

"ఎవురికప్పా చీర?"

"నేను చేసుకోబోయే అమ్మాయికి."

"ఏ ఊరు?"

"గురుబరపల్లి." నోటికొచ్చింది అనేశాడు.

"అట్లనా! మా ఊరే. ఎవురి కూతురు?"

ఏ ఊళ్ళోనైనా ఒక దాసప్ప ఉంటాడన్న ధైర్యంతో, "దాసప్ప కూతురు" అన్నాడు.

త్రివేణి చెయ్యి ఆగిపోయింది. "మా ఊర్లో దాసప్ప ఒకడే. ఆయనకు కూతురూ ఒకతే. అది నేనే! పెళ్ళిచూపులకు ముందే దొంగగా చూసిపోను వచ్చినావా? లేచి పో!"

"త్రివేణీ!" మేనేజరు అరిచాడు. "ఇంకొక్క కంప్లైంట్ వచ్చిందంటే నీకు పని లేదు!"

ఆ కంప్లైంట్ రాయాల్సింది తనే. కోప్పడిందని రాస్తే ఆమె పని పోతుంది. నవ్విందని రాస్తే అబద్ధం. పురుషోత్తం దేవుడికి దణ్ణం పెట్టుకుని, జరిగింది జరిగినట్టు రాసి, 'తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు' అని కలిపి ఆ సాయంత్రమే ఈమెయిల్లో పంపాడు. కంపెనీ వాళ్ళు రాత్రికే ఆమె మీద కంప్లైంట్ లేదని వదిలేశారు. నేర్పుగా అబద్ధమాడలేనివాడు మాకెందుకని అతణ్ణి తీసేశారు.

మర్నాడు షోరూంకు పోయి త్రివేణికి అంతా చెప్పేశాడు.

"అంటే నువ్వు సంబంధానికి వచ్చినోడివి కాదా?"

"నిన్న కాదు. ఈరోజు అవుననిపిస్తా ఉంది. మీకు ఇష్టమైతేనే."

వస్తున్న నవ్వును పెదవి కింద నొక్కిపెట్టిన త్రివేణి, ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! నాకు చెప్పకుండా సంబంధం చూస్తివా అని నిన్ననే మా నాయనతో ఫోన్లో కొట్లాడినానే!"

అంతలో నున్నటి గుండుకు గంధం పూసుకుని దాసప్ప లోపలికొచ్చాడు.

"నాయనా, ఇదేంది?"

"వాడెవురని అడిగేలోపల ఫోన్ పెట్టేస్తివి కదమ్మా! సరే, సంబంధం దానంతట అదే వచ్చిందిలే అనుకొంటిని. నీకు సంబంధం వస్తే తలనీలాలు ఇస్తానని కొండమీది స్వామికి ఎప్పుడో మొక్కుకొంటి. పొద్దున్నే ఇచ్చేసినాను. ఈయనేనా?"

పురుషోత్తం ఏమీ దాచకుండా చెప్పాడు. దాసప్ప అంతా విని, గుండు మీద అరచెయ్యి తిప్పుకున్నాడు.

"స్వామి బాకీ తీరిపోయిందప్పా. ఇప్పుడు మీరు కాదంటే, ఆయన నా జుట్టు తిరిగిస్తాడా?"

"కాదని ఎవురన్నారు నాయనా?" అంది త్రివేణి.