ఆగిన గడియారాల హాలు

సంచి నిండా ఆడవాళ్ల బట్టలే. భర్త ప్రయాణమంటే షర్టులూ షేవింగు సామానూ సర్దే ఇల్లాలు, ఈసారి ముఖమైనా చూడని మనిషి కోసం తన బట్టలు మడతపెడుతోంది. ఇంకో ఆడదాన్ని తేవడానికి పెళ్లాం చేత సంచి సర్దించుకున్న మగాడు లోకంలో మీరొక్కరేనని దెప్పింది. దెప్పుతూనే, నది గాలికి చలేస్తుందని తన ఆకుపచ్చ శాలువా పైన పెట్టింది.

ఆమె భర్త, సీక్రెట్ ఏజెంటు, నవ్వలేదు. చీఫ్ కూతుర్ని చేసుకున్న పాపానికి డిపార్టుమెంటులో అందరూ అతన్ని అల్లుడనే పిలుస్తారు. ఆ చీఫే ఇప్పుడు వాళ్లింట్లో కూర్చుని బ్రీఫింగ్ ఇస్తున్నాడు.

నది ఒడ్డున పాత రాజుల కోట, అందులో మ్యూజియం. యుద్ధం ఆపడానికి రెండు దేశాల ప్రతినిధులు రేపు మధ్యాహ్నం అక్కడ సంతకాలు పెడతారు. ముందుగా గడియారాల హాలు చూస్తారు. శత్రు ముఠా అందులో టైంబాంబు దాచింది. సంధి వాయిదా పడితే ఇక జరగదు. కబురు పంపింది మ్యూజియం గైడు. పేరుకు ముఠా మనిషి, ఏళ్లుగా పనిచేస్తున్నది మాత్రం మనకు. ముఠాకు అనుమానం వచ్చి, బాంబు ఏ గడియారంలో పెట్టిందీ ఆమెకు చెప్పలేదు.

"బాంబు ఆగాలి. ఆ పిల్ల రావాలి" అన్నాడు చీఫ్.

"ఒకటే కుదిరితే, నాన్నా?"

"నువ్వు సంచి సర్దమ్మా."

మర్నాడు కోట గుమ్మం దాటేసరికి అల్లుడు ముసలాయనైపోయాడు. నెరిసిన విగ్గు, చేతికర్ర, చెవిటి మిషను. ఆ మిషను గోడ అవతలి గుసగుసను కూడా పట్టేస్తుంది.

గడియారాల హాల్లో ఎదురొచ్చిన గైడు చూపు తిప్పుకోనివ్వని మనిషి. ఎర్రటి లిప్‌స్టిక్, నడుముకు తాళాల గుత్తి.

"ఇవన్నీ ఎందుకు ఆగిపోయాయమ్మా?" అతను కోడ్ వదిలాడు.

"రాజుగారు పడవెక్కి వెళ్లారు తాతగారూ. వచ్చాక కీ ఇద్దామని ఎవరూ ముట్టుకోలేదు."

జవాబు సరిపోయింది. ఆమె గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. మ్యూజియం బ్రోషరులో ఫోటో చూసి ముఠా ఈ హాలు ఎంచుకుంది. ఇన్ని గడియారాల చప్పుడులో బాంబు చప్పుడు కలిసిపోతుందనుకుంది. ఇక్కడ ఒక్కటీ నడవదని ఫోటో చెప్పదు.

"నేనూ చెప్పలేదు" అంది.

అల్లుడు మిషను సౌండు పెంచాడు. గోడగడియారాలు శవాల్లా మౌనంగా ఉన్నాయి. రాణిగారి బల్ల దగ్గర చిన్న ఇత్తడి గడియారం. టిక్. టిక్.

వెనక మూతకు సన్నటి తీగ. విప్పితే పేలుతుంది. అల్లుడు గడియారాన్ని అలాగే చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పటికే హాలు చివర ప్రతినిధుల బూట్ల చప్పుడు మొదలైంది.

గైడు మూలనున్న ఇనప తలుపు తాళం తీసింది. రాజుగారు నదిలోకి దిగిన మెట్లు అవే. గడియ మాత్రం హాలు వైపే ఉంది.

"ఇటివ్వండి. ఆ మెట్ల నిండా పాకుడు. నాకు అలవాటే."

"నీళ్లలో పడేసి వచ్చెయ్. మా ఆవిడ నీకోసం శాలువా పెట్టింది."

"ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"నాకు నప్పదు." నవ్వింది. "గడియ పెట్టండి తాతగారూ. ఆ నిప్పు హాల్లోకి రాకూడదు."

పెట్టాడు. చెప్పుల చప్పుడు మిషన్లో కిందికి, ఇంకా కిందికి దిగిపోయింది. దాంతోపాటే టిక్కూ. ఆ తర్వాత నేల అదిరింది. ఇక రెండూ వినపడలేదు.

ప్రతినిధులు కంగారుపడితే, పాత కోట కదా, ఎక్కడో రాయి జారుంటుందని ముసలాయన సర్దిచెప్పాడు. సంతకాలు జరిగాయి.

ఇంట్లో సంచి విప్పితే శాలువా మడత చెదరలేదు. చీఫ్ మిషన్ సక్సెస్ అని రిపోర్టు రాసుకున్నాడు.

ఆ మెట్లు దిగి తిరిగి రానిది రాజుగారొక్కరేనని కొత్త గైడు ఇప్పటికీ టూరిస్టులకు చెబుతోంది. అది తప్పు. పాత గైడు కూడా రాలేదు. ఆమె దిగింది ఓ గురువారం, మధ్యాహ్నం.